నోరు అప్పగించిన అవ్వ

పళ్లు శుభ్రం చేసే హైజీనిస్టు కోర్సుకు తెలివికన్నా వణకని చెయ్యి ముఖ్యం. నా దగ్గర లేనిది అదే.

భద్రాచలం దగ్గర ఒక అడవి ఊళ్లో మా కాలేజీ వాళ్లు పళ్ల క్యాంపు పెట్టారు. "ఇవాళ కూడా వణికితే కోర్సు మానుకో," అన్నారు సార్. నాకు దొరికిన మొదటి పేషెంటు బుట్టలల్లే ముసలవ్వ. నా చెయ్యి వణికి, పరికరం చిగుళ్లకు గీసుకుని రక్తం వచ్చింది. నాకు కళ్లు తిరిగాయి. పడిపోదామంటే ఉన్న ఒక్క కుర్చీలో అవ్వ ఉంది.

ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"గట్ల గాలిల పెడితే వణకదా బిడ్డా? వెదురు చీరేటప్పుడు మేం ఒక వేలు బొంగుకు ఆనిస్తం. నీ వేలు నా పంటికి ఆనియ్యి."

అని, ఆ నెత్తుటి నోరే మళ్లీ తెరిచింది.

వేలు ఆనించాను. చెయ్యి నిలిచింది, కోర్సూ నిలిచింది.

సార్ ఆర్నెల్లుగా చెబుతున్నదీ అదే. కాకపోతే ఆయన తన నోరు నాకు అప్పగించి చెప్పలేదు.