పీట కింది స్పీకరు

కొల్లేటిలో చేపల చెరువుల గట్లను యంత్రాలతో తెగ్గొడుతున్న ఏడాది, ఏలూరు వీధుల్లో క్యాసెట్ల దుకాణాలు ఒక్కొక్కటే సెల్‌ఫోన్ల దుకాణాలుగా మారిపోతూ, పాట అన్నది చొక్కా జేబులో పట్టేంత చిన్నదైపోయిన కాలంలో, కలెక్టరేటులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే నరసింహమూర్తి గారు మాత్రం నడుమెత్తు టేకు స్పీకరు పెట్టెనొకదాన్ని ఎదురుగా పెట్టుకుని, దానికి జత లేకుండా చేసినందుకు బంధుకోటి మీద అలిగి కూర్చునేవారు.

ఆ జతను వారి తండ్రిగారు మద్రాసు నుంచి తెప్పించారు. పౌరోహిత్యం చేస్తూ, సంగీతం మీది మక్కువతో రికార్డులు కూడబెట్టిన మనిషి ఆయన. వైకుంఠద్వారం దగ్గర జయవిజయుల్లా ఆ పెట్టెలు పడమటింట్లో గోడకు రెండు వైపులా నిలబడి ఉండేవి. తండ్రిగారు పోయాక, పంపకాల నాడు పెద్దమనిషిగా కూర్చున్న మేనమామ చలపతిరావు గారు మంచాలూ గిన్నెలూ సమంగా పంచుతూ వచ్చి స్పీకర్ల దగ్గర ఆగారు.

"పెట్టెలు రెండు, కొడుకులు ఇద్దరు. ఇందులో పేచీ ఏముంది? చెరొకటీ తీసుకోండి."

"మామయ్యా, అవి జతండీ. విడదీస్తే పనికిరావు" అన్నారు నరసింహమూర్తి గారు.

"చెప్పులా ఏమిటి నాయనా, రెండు కాళ్లకీ ఉండి తీరాలనడానికి?"

అందరూ నవ్వారు. ఒక పెట్టె ఏలూరు వచ్చింది. రెండోది తమ్ముడు శ్రీరామచంద్రతో పెంటపాడు వెళ్లిపోయింది. అతడు అక్కడ శివాలయంలో అర్చకుడు.

తండ్రిగారి రికార్డుల్లో గాత్రం ఎడమ పెట్టె నుంచీ, వయొలిన్ కుడి పెట్టె నుంచీ వచ్చేట్టుగా, మృదంగం రెంటి నడుమా పలికేట్టుగా ముద్రించినవి కొన్ని ఉన్నాయి. ఆ లెక్కన గాత్రం తమ్ముడి వాటాకు పోయి, వయొలిన్ అన్నగారి వాటాకు మిగిలింది. మీట నొక్కి రెంటినీ ఒకే పెట్టెలో వినవచ్చు గాని, అలా వింటే పల్లకీలో వెళ్లవలసిన దేవుణ్ణి ఇరుకు సందులోంచి మోసుకుపోతున్నట్టు ఉండేదాయనకు.

అయినా తన పెట్టెను ఆయన ప్రాణప్రదంగా బాగుచేశారు. సెలవు దినాల్లో పాత వార్నిషు గీకి కొత్తది పట్టించారు. స్పీకరు లోపల గరాటులా ఉండే కాగితాన్ని పనివాళ్లు కోను అంటారు. దాని అంచు చివికిపోతే, నలిగి మెత్తబడిన తన పాత అంగవస్త్రం నుంచి పట్టీ కత్తిరించి అతికించారు. కోను మాత్రం తండ్రిగారి నాటిదే. ఆ కాగితం మోగిన తీరు వింటే ఆయనకు తండ్రిగారి ఇల్లంతా కళ్లముందు నిలిచేది. ఇక జత కలవడమొక్కటే మిగిలింది.

వేసవిలో పెంటపాడు వెళ్లారు. పూజగదిలో స్పీకరు వెల్లకిలా పడుకుని ఉంది. గుడ్డ ఉన్న ముఖం పైకి ఉంది. దాని మీద పీట, పీట మీద పంచాయతనం. అప్పుడే తమ్ముడి అభిషేకం ముగిసి, మరదలు జ్ఞానప్రసూనాంబ పళ్లెం తీస్తోంది. పళ్లెం అంచు నుంచి జారిన నీళ్లు గుడ్డలోకి ఇంకిపోయాయి.

"ఎంత కుదురుగా ఉందో చూడండి బావగారూ. మావగారు కొన్న వస్తువు స్వామి కింద ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?"

నరసింహమూర్తి గారు కళ్లు మూసుకున్నారు. రోజూ సంధ్యావందనం తప్పని మనిషి. స్వామిని దించమని ఏ నోటితో అంటారు? చివరకు తమ్ముణ్ణి వసారాలోకి పిలిచారు.

"ఒరేయ్ చంద్రం, లోపల కాగితం ఉంటుందిరా. తడిస్తే నానిపోతుంది."

"అభిషేకజలం పడితే పాడవుతుందా అన్నయ్యా?"

"పడిన చోట ఏమున్నదో దాన్ని బట్టి ఉంటుందిరా."

"నీకు స్వామి కన్నా స్పీకరెక్కువైపోయింది" అని నవ్వి, "పీఠం ఇంకోటి పట్రా, మారుస్తాను. మంచిరోజు చూసి" అన్నాడు.

ఆ చివరి మాటే కొంప ముంచింది. నరసింహమూర్తి గారు టేకుతో స్వయంగా పీఠం చేసి పట్టుకెళ్లేసరికి శుక్రమూఢం వచ్చింది. మూఢం విడిచేసరికి ఆషాఢం. శ్రావణంలో నోములు ఉన్నాయి, స్వామిని కదపనంది మరదలు. భాద్రపదంలో జ్ఞాతుల ఇంట పురుడు. వెళ్లిన ప్రతిసారీ కాఫీ తాగి, స్పీకరు మీద కొత్తగా కనబడిన మరకను చూసి, తాడేపల్లిగూడెంలో రైలెక్కి, దెందులూరు దాటేదాకా కిటికీలోంచి వరిచేలను కోపంగా చూస్తూ వచ్చేవారు. శాస్త్రాన్ని తప్పు పట్టలేరు. తమ్ముణ్ణి తిట్టలేరు. ఆ కోపమంతా ఇంట్లో భార్య రాజరాజేశ్వరి మీద పడేది.

"శుక్రుడు మూఢంలోకి వెళ్తే నేనేం చెయ్యనండీ?" అనేదావిడ.

విజయదశమి నాడు స్వామి కొత్త పీఠమెక్కాడు. పెట్టె బాగుచేయడానికని ఏలూరు చేరింది. గుడ్డ విప్పి చూస్తే కోను గంధం, పసుపు, కుంకుమ కలిసిన ముద్దగా ఉంది. నడుమ ఒక బిల్వదళం. నరసింహమూర్తి గారు దళాన్ని కళ్లకద్దుకుని పక్కన పెట్టి, ముద్దను కాగితంలో పొట్లం కట్టుకుని బజారుకు బయలుదేరారు.

పవరుపేటలో రేడియోలు బాగుచేసే అబ్దుల్ సలాం కొత్త కోను ఇచ్చాడు. "పాతది ఇప్పుడు దొరకదండీ. ఇది మంచిదే గాని, దాని గొంతు దానిదేనండి."

అతను అన్నట్టే అయింది. పాత పెట్టె గంభీరంగా, నిదానంగా పలికితే, కొత్తది పెళుసుగా ముందుకు దూకేది. రెంటి నడుమ నిలవవలసిన మృదంగం ఒక్కచోట నిలవక అటూ ఇటూ కదిలేది. కోనుకు లక్క పూశారు, పెట్టెలో దూది కూరారు, తీసేశారు. సంక్రాంతులు మారాయి గాని శ్రుతి కలవలేదు.

చివరకు ఒక ఆదివారం పొద్దున రాజరాజేశ్వరి కాఫీ తెచ్చేసరికి ఆయన బాగున్న పెట్టెను పడుకోబెట్టి, చేతిలో బ్లేడు పట్టుకుని కూర్చున్నారు.

"అదేమిటండీ, అది మావగారి నాటిది. నిక్షేపంలా ఉంది కదా."

"దీన్ని ఉంచితే ఇది ఒక్కటే ఉంటుంది. రెండో దాన్ని దీనిలా చెయ్యలేను రాజ్యం. దీన్ని దానిలా చెయ్యగలను."

"తరవాత బాధపడతారేమో."

"పడతాను" అని, అంగవస్త్రపు అంచు వెంట బ్లేడు తిప్పారు. ఆ కాగితం ఊడి చేతిలోకి వచ్చినప్పుడు తల పక్కకు తిప్పుకున్నారు. తరువాత సలాం దగ్గర తెచ్చిన మరో కోను, మొదటి దానికి తోబుట్టువు లాంటిది, జిగురు రాసి కూర్చోబెట్టారు.

ఆ వారమే శ్రీరామచంద్ర భార్యతో వచ్చాడు. రికార్డు తిరిగింది. గాత్రం ఎడమన, వయొలిన్ కుడిన, నడుమ గోడలోంచి వస్తున్నట్టు మృదంగం. మరదలు లేచి వెళ్లి ఆ గోడను చేత్తో తడిమి చూసింది.

"ఇక్కడేం లేదు కదండీ బావగారూ?"

"లేదమ్మా" అన్నారాయన. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ, "నాన్నగారున్నప్పుడు ఇలాగే ఉండేది అన్నయ్యా. నా వాటా కూడా ఇక్కడే ఉండనీ" అన్నాడు.

"ఇలా ఉండేది కాదురా. ఆ బరువు పోయింది. కింది షడ్జంలో ఆ గంట మోత లేదు" అన్నారు నరసింహమూర్తి గారు విసుగ్గా. అయినా రికార్డు ఆపలేదు. రెండో వైపు తిప్పి మళ్లీ పెట్టారు.

నాదమే తనువైన పరమేశ్వరుడు ఆ అసంతృప్తుడైన రసికుడికి నిండు ఆయుష్షునూ, పండిన చెవికి తగిన తృప్తినీ ప్రసాదించుగాక. ఆయన విసుగును ఓర్చుకున్న ఇల్లాలు దీర్ఘసుమంగళిగా వర్ధిల్లుగాక. ఏలూరులోనూ పెంటపాడులోనూ వెలిగే ఆ రెండు పొయ్యిలు ఎన్నడూ చల్లారకుండుగాక.