నూకలు చల్లని చోట

మా జువాలజీ సారు పోయారని ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. నంద్యాల కాలేజీలో ఆయన కింద పనిచేసినవాణ్ణి కదా, నాలుగు మంచి మాటలు రాయమన్నారు మిత్రులు. ఆయన గురించి మంచి మాటలు చాలా ఉన్నాయి. నా గురించే లేవు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

తొంభైల చివర్లో సారు ఒక కోడిపెట్టను తయారుచేశారు. సారు తమ్ముడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చేస్తాడు, దాని ఒళ్లు చెక్కతో ఆయనే చెక్కి ఇచ్చాడు. పైన నిజం ఈకలు, లోపల పాత టేప్‌రికార్డర్ మోటారు. స్విచ్చి వేస్తే తల వంచి నేల పొడిచేది. కొత్త కోడి ఒకటి మేస్తున్నట్టు కనిపిస్తే మిగతావి నమ్మి పక్కన చేరతాయా అన్నది సారు ప్రశ్న. గింజ మాత్రం వేయకూడదు. వేస్తే అవి వచ్చింది కోడిని చూసో, కడుపు కోసమో తెలియదు.

ఆదివారాలు ఆళ్లగడ్డలో సారు వాళ్ల పెరట్లో చెక్కకోడిని పెట్టి స్విచ్చి వేయడం నా పని. కిటికీ వెనక కూర్చుని నోట్‌బుక్కులో రాసుకోవడం ఆయన పని. మూత పోయిన పెన్నుతో ఆయన జేబుకు ఎప్పుడూ సిరా మరకే. "చూసింది రాయాలప్పా, అనుకునింది కాదు" అనేవారు. వారాలు గడిచినా ఒక్క కోడీ దగ్గరికి రాలేదు. నాకు విసుగు పుట్టింది, ఆయన్ని చూస్తే జాలీ వేసింది. ఒక ఆదివారం ఆయన చూడకుండా చెక్కకోడి ముక్కు కింద గుప్పెడు నూకలు చల్లాను.

"వచ్చినాయప్పా! ఆరు వచ్చినాయి!" అని కిటికీలోంచి అరిచారు. వాళ్లావిడతో నాకు ఉగ్గాని, బజ్జీ చేయించి పెట్టారు. అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాను.

మరుసటి వారం కాలేజీ వాళ్లందరినీ పిలిచారు. అంతమంది ముందు నూకలు చల్లడానికి నాకు వీలు దొరకలేదు. స్విచ్చి వేయగానే కోళ్లు చెదిరిపోయాయి. పుంజొకటి వచ్చి చెక్కకోడి ఈకలు పీకింది. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్లు వెళ్లాక సారు కోడిని ఎత్తి తిరగేశారు. అడుగు పీట సందులో ఇరుక్కున్న నూకలు నాలుగు ఆయన అరచేతిలో రాలాయి. వాటిని చూశారు, నన్ను చూశారు. "బస్సుకు టైమైంది, పోప్పా" అన్నారు.

మర్నాడు స్టాఫ్‌రూములో అందరి ముందూ, "తప్పు నాదే. తొందరపడి చెప్పినా" అన్నారు. నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చుని టీ తాగినప్పుడూ విప్పలేదు.

మొన్న దినాలకు వెళితే వాళ్లావిడ నన్ను పెరట్లోకి పిలిచారు. చెక్కకోడి అక్కడే ఉంది, రంగు వెలిసి.

"మీ సారు ఒక్క ఆదివారమూ తప్పియ్యలేదప్పా. గింజ ఎయ్యనిచ్చేవాడు కాదు. వాటికి నమ్మకం కుదరాల, టైము పడ్తాది అంటాండె. ఈ పొద్దు ఆదివారమే గదా. అప్పట్లో స్విచ్చి నువ్వే ఏస్తాంటివి, ఎయ్యి."

వేశాను. కోడి తల వంచి నేల పొడవసాగింది. గోడవార నుంచి బూడిదరంగు పెట్ట ఒకటి నడిచి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు. చెక్కకోడి పక్కన నిలబడి అవీ నేల పొడిచాయి.

నేను వంగి వెతికాను. ఊడ్చిన నేల. ఒక్క నూక లేదు.