లోపలికి ఇద్దరు, బయటికి ఇద్దరు

పామర్‌స్టన్ నార్త్‌లో ఒక హాస్పిటల్ బ్లడ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ల్యాబ్ నుంచి క్యాంటీన్‌కి దగ్గర దారి మార్చురీ ముందునుంచే. కొత్తగా చేరిన పిల్లలు చుట్టూ తిరిగి పోతారు. నేను టీ కప్పు పట్టుకుని అటునుంచే వస్తాను. చచ్చినవాళ్లు ఎవరినీ ఏమీ చేయరు, చేసేదంతా బతికున్నవాళ్లే అని మా అమ్మ అనేది. నాదీ అదే మాట. దయ్యాల కబుర్లు మొదలైతే నాకు భయం వేయదు, విసుగొస్తుంది.

అందుకే ఇది రాయడానికి రెండేళ్లు పట్టింది. నేను విన్నదీ, చూసిందీ, కాగితం మీద ఉన్నదీ మాత్రమే రాస్తున్నాను.

మురళి నా భర్త. అనంతపురం మనిషి, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. న్యూజిలాండ్ వచ్చాక కొండలెక్కే పిచ్చి పట్టుకుంది. ఇక్కడ దాన్ని ట్రాంపింగ్ అంటారు. శనివారం వస్తే చాలు, బ్యాగులు భుజానేసుకుని తరరువా కొండల్లోకి. నేను మొదట్లో సణుక్కుంటూ వెళ్లాను. తర్వాత నాకూ అలవాటైంది, సణగడం మాత్రం మానలేదు. కొండల మీది గుడిసెల్లో ఒక పుస్తకం ఉంటుంది. వచ్చినవాళ్లు పేర్లు, ఎంతమంది, ఎటు వెళ్తున్నారు అన్నది రాసి పోవాలి. రేపు కనపడకపోతే వెతకడానికి. మురళి పెళ్లి శుభలేఖ రాసినంత శ్రద్ధగా రాసేవాడు. ఇద్దరు, అని.

నడకలో నేనెప్పుడూ ముందు, అతను వెనక. ఏదైనా చూపించాలన్నా, ఆగమనాలన్నా నన్ను పిలిచేవాడు కాదు. నడిచిపోయే మనిషిని వెనకనుంచి పిలవకూడదని వాళ్ల అవ్వ నేర్పిన పాఠం. అన్ని నమ్మకాల్నీ ఎగతాళి చేసే మనిషి, ఆ ఒక్కటీ వదల్లేదు. చేతికర్రతో రాయి మీద రెండుసార్లు తట్టేవాడు. టక్ టక్. నేను ఆగేదాన్ని. పదేళ్లు అదే మా పిలుపు.

పదో పెళ్లిరోజుకి దక్షిణాఫ్రికా వైపు వెళ్లాం. మూడు వారాలు, చెరో బ్యాగు, చవక హాస్టళ్లు, కిక్కిరిసిన వ్యాన్లు. బోట్స్‌వానాలో ఏనుగుల మందలు చూశాం. అంత పెద్ద జంతువు వెనకనుంచి వచ్చినా అడుగు చప్పుడు వినిపించదని అక్కడే తెలిసింది. ఒక అడవిలో గైడ్ వెంట నడిచాం. ఒకరి వెనక ఒకరు, మాట్లాడకూడదు. ఆపాలంటే అతను తుపాకీ మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. మురళి నావైపు చూసి నవ్వాడు, చూశావా, మా అవ్వ ఇక్కడికీ వచ్చింది అన్నట్టు. ఆ నవ్వు నాకు ఫోటో లేకుండానే గుర్తుంది.

చివర్లో దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్స్‌బర్గ్ కొండలు. పొద్దున ఏడింటికి వ్యాన్ మమ్మల్ని గేటు లోపల సిమెంటు గచ్చు మీదే దింపింది. కాపలా ఆయన రిజిస్టర్ తెరిచి మా పేర్లు, లోపలికి ఇద్దరు అని రాసుకున్నాడు. తిరిగొచ్చాక బయటికి ఎంతమందో కూడా ఆయనే రాస్తాడు. పైకి వెళ్లే దారిలో నిలువు కొండకి బిగించిన ఇనప గొలుసుల నిచ్చెనలు ఉన్నాయి. అవి ఎక్కితే పైన చదునైన మైదానం, దాని అంచున ఒక్కసారిగా లోయ.

పైన గొడవ పడ్డాం. చిల్లిగవ్వ విలువ చేయని గొడవ. అక్కడ గడ్డం ఉన్న పెద్ద రాబందు ఒకటి తిరుగుతుందట, దాన్ని చూడకుండా దిగనన్నాడు మురళి. లోయలోంచి పొగమంచు పైకి వస్తోంది, మూడున్నరకి వ్యాన్ వెళ్లిపోతుంది అని నేను.

"ఇంగ కొంచేపు ఉందాం. మళ్లీ యెప్పుడొస్తాం ఈడికి?" అన్నాడు.

"అయితే నువ్వుండు. నేను పోతున్నా" అన్నాను.

వెళ్లొస్తా అనాలని కూడా తోచలేదు. అప్పుడు సరిగ్గా ఒంటిగంట. మనసంతా వ్యాన్ మీదే ఉంది కాబట్టి టైమ్ చూసుకుంటూనే ఉన్నాను.

పది నిమిషాలు నడిచుంటాను. మంచు కమ్మేసింది. వెనక ఎక్కడో టక్ టక్ అని వినిపించింది. స్పష్టంగానే విన్నాను. కోపంలో ఆగలేదు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట ఇదొక్కటే, ఇప్పుడు ఇదీ రాసేశాను.

కాసేపటికి అడుగులు వినిపించాయి. బూట్ల కింద కంకర నలిగే చప్పుడు, మధ్యమధ్య కర్ర మొన చప్పుడు. వచ్చాడులే అనుకున్నాను. ముందు తనే మాట్లాడాలని నా పట్టుదల. వెనక్కి తిరగలేదు. నిచ్చెన దిగుతుంటే నా పైన గొలుసులు ఊగాయి, ఇంకో మనిషి బరువు పడితే ఊగినట్టే. నా ముఖం రాతి వైపు ఉంది, నాలుగు మెట్ల పైన అంతా తెల్లగా మంచు. కింద దారిలో ఒకసారి, వెనక్కి చూడకుండానే, నీళ్లున్నాయా అని అడిగాను. జవాబు లేదు. ఇంకా అలకే అనుకున్నాను.

గేటు కనిపించేసరికి వాన మొదలైంది. దారి వదిలేసి, నడుమెత్తు గడ్డిలో అడ్డంగా పరుగెత్తి షెడ్డు కిందకి చేరాను. కాపలా ఆయన రిజిస్టర్ తీసి ఏదో రాసుకున్నాడు. అప్పుడు తిరిగి చూశాను. మురళి లేడు.

ఐదు నిమిషాలు చూసి ఆయన్ని అడిగాను. మీ వెనకే గడ్డిలోంచి వచ్చాడుగా, నీలం టోపీ, తల దించుకుని నడుస్తున్నాడు, టాయిలెట్ వైపు వెళ్లుంటాడు అన్నాడు. రిజిస్టర్ నావైపు తిప్పాడు. బయటికి ఇద్దరు, మూడు ఇరవై. ఆ పేజీ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

టాయిలెట్లు, పార్కింగ్, కింద రోడ్డు, హాస్టల్, చీకటి పడేదాకా పోలీసులు అక్కడే వెతికారు. దిగి వచ్చేసిన మనిషిని కొండ మీద ఎవరు వెతుకుతారు? పైకి మర్నాడు పొద్దున వెళ్లారు. నేను వదిలిన చోటికి దగ్గర్లోనే, అంచు కింద ఒక రాతి అరుగు మీద ఉన్నాడు. తలకి దెబ్బ. పడగానే ప్రాణం పోయిందనీ, ముందు వెళ్లినా దక్కేవాడు కాదనీ డాక్టర్ చెప్పాడు. మురళి చేతికున్నది గుండె కొట్టుకోవడం రాసుకునే రకం వాచ్. అందులో గీత ఒకటీ పదికి ఆగిపోయింది.

నేను నిచ్చెన దగ్గరికి చేరేసరికి ఒకటిన్నర దాటింది.

అంత్యక్రియలు డర్బన్‌లో చేశాను. ఎన్నో తరాల కిందట చెరుకు తోటల పనికి వెళ్లిన తెలుగువాళ్ల కుటుంబాలు అక్కడున్నాయి. ఎవరో చెబితే ఒక పెద్దావిడ వచ్చింది. ఆంటీ అనే పిలిచాను. ఆవిడకి తెలుగు రాదు, మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే. పూలు, దీపం, పంతులు అన్నీ ఆవిడే చూసుకుంది. అంతా ముగిసి బయటికి వస్తుంటే నా మోచెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు వాళ్లింట్లో విన్న మాట కాబోలు, ఆ ఒక్కటీ తెలుగులో అంది.

"ఎనక్కి సూడమాకమ్మా."

దహనం అయ్యాక వెనక్కి చూడకుండా రావాలి. అది నాకూ తెలుసు. అలాగే నడిచాను. నాలుగడుగులు వేశాక, ఈ నడక ఇంతకుముందే ఒకసారి నడిచానని తెలిసింది. ఆంటీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో కొండ బూట్లు చూపించి తీరాలి. పరాయి మట్టి, పరాయి విత్తనం ఈ దేశంలోకి రాకూడదు. రెండు జతలూ బల్ల మీద పెట్టాను. మురళివి పోలీసులు సీలు వేసి ఇచ్చిన సంచిలో ఉన్నాయి, తెరిచే ధైర్యం లేక అలాగే తెచ్చాను. ఆఫీసర్ చిన్నమ్మాయి. ముందు నా బూట్ల లేసుల్లోంచి పట్టకారుతో నల్లటి సూది గింజలు ఏరింది. బట్టలకి పట్టుకుంటే వదలని రకం. తర్వాత సంచి కత్తిరించి మురళి బూట్లు తీసింది. లేసుల నిండా, మేజోళ్ల నిండా అవే గింజలు.

ఇద్దరూ ఒకే గడ్డిలో నడిచారన్నమాట అంది, మామూలుగా.

గేటు దగ్గరి ఆ నడుమెత్తు గడ్డిలో నేను అడుగుపెట్టింది ఒక్కసారే. దిగి వచ్చాక, వానలో. పొద్దున వ్యాన్ మమ్మల్ని గచ్చు మీదే దింపింది, అక్కడినుంచి ఇద్దరం దారి మీదే నడిచాం. పైన మైదానంలో ఉన్నది చీలమండ దాటని బోడి గడ్డి.

ల్యాబ్ మనిషిని కదా, అడ్డుప్రశ్నలన్నీ నేనే వేసుకున్నాను. మురళిని తెచ్చిన హెలికాప్టర్ ఎక్కడ దిగిందో కనుక్కున్నాను. ఊళ్లో, సిమెంటు మీద. పోలీసుల గదిలో ఎక్కడైనా అంటుకున్నాయేమో. కాపలా ఆయన పొద్దున చూసిన టోపీనే సాయంత్రం కూడా చూశాననుకున్నాడేమో. నేను విన్న అడుగులు మంచులో మారుమోగిన నా అడుగులేనేమో. ఒక్కొక్కటీ విడిగా అయితే కొట్టిపారేయగలను. అన్నీ కలిపి పారేయడం నా వల్ల కాలేదు.

ఒక్క గింజ ఇస్తారా అని ఆ అమ్మాయిని అడిగాను. కుదరదంది. ఎందుకో చెప్పాను. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది, అయినా కుదరదనే చెప్పింది. తప్పు ఆమెది కాదు. గింజలన్నీ ఒక సంచిలో కట్టి డబ్బాలో వేసింది. బూట్లు కడిగి తడిగా తెచ్చి ఇచ్చింది. మురళి తొక్కిన మట్టి ఒక్క రేణువు కూడా వాటిమీద మిగల్లేదు. అక్కడే, అందరూ చూస్తుండగా, బూట్లు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

ఇప్పటికీ శనివారాలు కొండలకి వెళ్తాను, ఇక్కడి ట్రాంపింగ్ వాళ్లతో. అందరికంటే చివర నడుస్తాను. ఒక్కసారి వినిపిస్తే చాలునని మొదట్లో మలుపు మలుపుకీ ఆగి నిలబడేదాన్ని. గాలి తప్ప ఏమీ వినిపించలేదు. గుడిసె పుస్తకంలో ఒక్కరు అని రాస్తాను. ఆ అంకె దగ్గర ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది.

అది ఏమిటో నాకు తెలియదు. ఆ రోజు తిరిగి చూసి ఉంటే అతను కనిపించేవాడో, ఖాళీ దారి కనిపించేదో, అదీ తెలియదు. తెలిసింది ఇంతే. ఒకటీ పదికి మురళి నన్ను పిలిచాడు. నేను ఆగలేదు. అయినా నిచ్చెనలు దాటించి, వానలో గేటు దాకా వచ్చి, నన్ను దిగబెట్టి వెళ్లాడు.