ఎడమకి లాగిన కారు

1989 వేసవిలో నేను జూబ్లీహిల్స్ దిగువన ఒక ప్రైవేటు వర్క్‌షాపులో వీల్ అలైన్‌మెంట్ విభాగానికి ఫోర్‌మన్‌గా ఉన్నాను. నా పైన సర్వీస్ మేనేజరు, నా కింద నలుగురు మెకానిక్కులు. చక్రాల కొలతలు సరిచూసి జాబ్ షీటు మీద సంతకం పెట్టే అధికారం నాది. ఆ సంతకం మీద నాకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ గౌరవం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఒక రోజు ఒక సినిమా కంపెనీ వాళ్ళు పాత విదేశీ స్పోర్ట్స్ కారు పంపారు. ఇరవై ఏళ్ళు దాటినా ఇంజను మాత్రం కుర్రతనం పోనిచ్చుకోలేదు. తెర మీద ముందుభాగం నేలను రాసుకుంటూ పోతున్నట్టు కనిపించాలని ఎవరో మహానుభావుడు ముందు స్ప్రింగులు కోయించాడు. కారు కిందికి దిగింది, దాంతోపాటు ముందు చక్రాల పైభాగాలు లోపలికి వాలిపోయాయి. ఈ వాలునే మేము క్యాంబర్ అంటాం. అది రెండు పక్కలా సమానంగా లేకపోతే కారు ఒక పక్కకు లాగుతుంది.

ఆ కారు ఫిల్మ్‌నగర్ వైపు కొత్తగా వేసిన ఏటవాలు రోడ్డు మీద వేగంగా దిగి, మలుపు ముందు గీసిన సున్నపు గీత దగ్గర ఆగాలి. రోడ్డుకు ఎడమ పక్క రాయి తీసిన లోతైన గుంత. నడపాల్సింది యాదగిరి అనే స్టంట్ డ్రైవరు, యూసుఫ్‌గూడ వాడు. హీరో చొక్కా వేసుకుని, హీరో చెయ్యని పనులు చెయ్యడం అతని వృత్తి.

వాలు సరిచెయ్యడానికి రెండు రకాల సామాను ఉంది. ఒకటి షిమ్ములు, అంటే పలచని ఉక్కు బిళ్ళలు. చక్రాన్ని పైనుంచి పట్టుకునే ఆర్మ్‌కూ ఛాసిస్‌కూ మధ్య వాటిని ఒక్కొక్కటే పెట్టి, బిగించి, కొలిచి, మళ్ళీ విప్పాలి. రోజంతా పడుతుంది. రెండోది క్యామ్ బోల్టు. స్పానరుతో తిప్పితే చాలు, చక్రం కావలసినంత వాలుతుంది. గంటలో పని అయిపోతుంది. ప్రొడక్షన్ మేనేజరు సుబ్బారాయుడు గారు, మర్నాడు ఉదయమే ముహూర్తమనీ, తొలి షాట్ కారుదేననీ పొద్దుట్నించి నాలుగుసార్లు ఫోన్ చేశారు. నేను క్యామ్ బోల్టులే వేశాను. కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. సంతకం పెట్టాను.

మర్నాడు లొకేషన్‌కు నేనూ వెళ్ళాను. బిగించిన బోల్టు కదిలిందో లేదో తెలియడానికి దాని తల మీదుగా ఆర్మ్ మీదికి ఒక రంగు గీత గీయడం మా పద్ధతి. ముందురోజు హడావుడిలో అది మరిచిపోయాను. మేకప్‌మాన్ దగ్గర గోళ్ళ రంగు అడిగి తీసుకుని, కారు కింద దూరి రెండు పక్కలా గీశాను. తర్వాత కెమెరా స్టాండును ఎడమ ముందు మూలన బిగించారు. రిహార్సల్‌కు కారును రెండుసార్లు దింపారు.

యాదగిరి దిగి నేరుగా నా దగ్గరికొచ్చి, "సార్, బ్రేక్ మీద కాలు పెడితే ఎడమకి గుంజుతున్నది. జర సూడుండ్రి" అన్నాడు. నేను జాబ్ షీటు తీసి అతని ముందు పెట్టాను. ఎడమ, కుడి ఒక్కలాగే ఉన్నాయని వేలు పెట్టి చూపించాను. అతను షీటు వంక మర్యాదగానే చూశాడు. "కాగితం మంచిగనే ఉన్నది సార్. బండి మంచిగ లేదు."

నాకు ఒళ్ళు మండింది. అతని మాట తప్పని నిరూపించడానికే మళ్ళీ కారు కింద దూరాను. కుడి గీత చెక్కుచెదరలేదు. ఎడమ గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంది. బోల్టు తిరిగిపోయింది, చక్రం పైభాగం బయటికి వాలింది. నేను ఖాళీ కారుకు కొలతలు తీశాను. కెమెరా బరువు సంగతి అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. అక్కడే పడుకుని ఎడమ పక్క గుంత వైపు చూశాను.

లేచి, ఈ కారు ఇవాళ నడవదని చెప్పాను. సుబ్బారాయుడు గారు ఇంతెత్తున లేస్తారనుకున్నాను. ఆయన గడియారం చూసుకుని, "ముహూర్తానికి కారు నడవాలని ఎక్కడుందండీ? హీరో గారు తాళం తిప్పుతారు, చెయ్యి మాత్రం తీద్దాం" అన్నారు. డైరెక్టరు సరేనన్నారు. కొబ్బరికాయ కొట్టారు, హీరో గారి చెయ్యి తాళం తిప్పింది, ముహూర్తం దక్కింది. అంతసేపూ కారు అంగుళం కదల్లేదు.

మధ్యాహ్నం వర్క్‌షాపులో క్యామ్ బోల్టులు పీకేసి, బరువుకు తిరిగిపోయే వీలు లేని షిమ్ములు పెట్టడం మొదలుపెట్టాం. ఈసారి కెమెరా స్టాండు బిగించి, కెమెరా బరువుకు సరిపడా ఇసక బస్తాలు కట్టి, యాదగిరిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి కొలతలు తీశాం. సాయంత్రం దాకా అతను సీటు దిగలేదు, టీ కూడా అక్కడే తాగాడు.

మరుసటి ఉదయం కారు ఏటవాలు మీద తాడు పట్టి గీసినట్టు దిగి, సున్నపు గీతకు మూరెడు ఇవతల ఆగింది. యాదగిరి దిగి, నా వైపు తల ఊపి, బీడీ వెలిగించుకున్నాడు. నేను రోడ్డు మీదే కూర్చుండిపోయాను. అంత హాయిగా నేనెప్పుడూ కూర్చోలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రెండు నియమాలు పాటించాను. బండి మోయబోయే బరువు మోయించాకే కొలతలు తీశాను. నడిపే మనిషి ఒకసారి నడిపి వచ్చి, బాగుందని తన నోటితో చెప్పేదాకా ఏ షీటు మీదా సంతకం పెట్టలేదు.