చేతులు కడిగాక

మేస్త్రీకి నిద్ర పట్టడం లేదంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. నమ్మేలా ఉండాలి కదా! మనిషి బతుకంతా బట్టల మిల్లులో మగ్గాల మేస్త్రీగానే గడిచింది. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి దడదడలాడుతుంటే పక్కవాడి మాట వినాలన్నా చెవిలో నోరు పెట్టి అరవాల్సిందే. అలాంటి చోట మధ్యాహ్నం కాస్త విరామం దొరికితే చాలు, నూలు మూటల మీద తల వాల్చి గుర్రు పెట్టేవాడు. అంతటివాడికి ఇప్పుడు, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేని గదిలో, మెత్తటి పరుపు మీద కంటికి కునుకు రాదట! ఎదురింటి దర్జీ అయితే "సుఖం ఎక్కువైంది మామా నీకు" అని వేళాకోళం చేశాడు. వాడికేం, దిండు కనిపిస్తే చాలు ఒళ్ళు తెలీకుండా పడుకునే రకం.

సుఖమూ లేదు, పాడూ లేదు. మేస్త్రీ భార్య స్నానాలగది గుమ్మంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆవిడా ఆ మిల్లులోనే కండెలకు నూలు చుట్టే విభాగంలో పనిచేసింది కాబట్టి అందరికీ కండెలమ్మే. ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చింది, నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని మెల్లగా అడుగులేస్తోంది. ఆ రోజు నుంచి మేస్త్రీ బుర్రలో మిల్లు మొదలైంది. పక్క మీద వాలితే చాలు, ఒక్కో ఆలోచనా దడదడమంటూ నడిచేది. మళ్ళీ పడితే? నేను ముందు పోతే? గ్యాస్ కట్టేశానా? తలుపు గడియ పడిందా? లేచి చూసి వచ్చేవాడు. పడుకున్నాక, చూసింది నిన్ననా ఇవాళా అని అనుమానం వచ్చేది. మళ్ళీ లేచేవాడు.

రాత్రి కాపలా కాసినవాడు పగలు కూలబడక ఏం చేస్తాడు? ఒక మధ్యాహ్నం అదే జరిగింది. కండెలమ్మ స్నానాలగదిలోంచి లేవలేక పిలిచింది. మేస్త్రీ పక్కగదిలో కుర్చీలోనే ఉన్నాడు. తల ఛాతీ మీదకి వాలిపోయి ఉంది. ఆవిడ గోడకున్న కడ్డీ పట్టుకుని, కాళ్ళు వణుకుతుంటే, "ఏమండీ, ఏమండీ" అని పిలుస్తూనే ఉంది. ఎంతసేపు పిలిచిందో దేవుడికే తెలియాలి. చివరికి కూతురు వచ్చి చూసింది. పడలేదు, అది ప్రభువు దయ. కానీ పడితే?

కూతురు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే మనిషి. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, నిన్ను తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. కానీ అమ్మని ఇలా వదిలేసి నేను వెళ్ళలేను. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి తీసుకెళ్తాను."

"మరి నేను?"

"మా ఇల్లెంతో నీకు తెలుసు కదా నాన్నా. ఒక్క మంచానికే చోటు."

పెళ్ళయిన నాటి నుంచి, మిల్లులో షిఫ్టులు కలవని రోజుల్లో తప్ప, ఇద్దరూ విడిగా ఉన్నది లేదు. కండెలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది కానీ ఏడుస్తోందని వీపు చూస్తేనే తెలుస్తోంది. "సరే" అన్నాడు మేస్త్రీ. "ఆదివారం దాకా సమయం ఇచ్చావు కదా. ఈలోపు నేను నిద్రపోయి చూపిస్తాను."

నిద్రపోయి చూపించడమేమిటండీ, అదేమైనా కుస్తీ పోటీనా? కానీ మేస్త్రీ అంటే అదే. పాడైన మగ్గాన్ని బాగుచేయకుండా భోజనానికి లేచిన మనిషి కాదు. మొండిఘటం. గోరువెచ్చని పాలు తాగాడు. సాయంత్రం వీధి చివరిదాకా నడిచాడు. టీ మానేశాడు. నిద్రమాత్రల ఊసెత్తితే మాత్రం కస్సుమన్నాడు. "మాత్ర మింగి మొద్దులా పడుకుంటే ఆవిడ పిలుపు ఎవరు వింటారు, మీ తాతా?" అని దర్జీ మీద ఎగిరాడు.

ప్రార్థన సంగతి అడగక్కర్లేదు. చర్చిలో రెండో బల్ల మేస్త్రీది. పాస్టరు గారు చూడటానికి వచ్చినప్పుడు, "అన్నీ ప్రభువుకి అప్పజెప్పి పడుకోండి మేస్త్రీ గారూ" అన్నాడు. "రోజూ అప్పజెప్తూనే ఉన్నానండీ. తెల్లారేసరికి అన్నీ మళ్ళీ నా దగ్గరే ఉంటున్నాయి" అన్నాడు మేస్త్రీ. పాస్టరు గారికి నవ్వాలో ఊరుకోవాలో తెలీక, ఇచ్చిన టీ తాగేసి లేచాడు.

ఆ రాత్రి భోజనమయ్యాక మేస్త్రీ మోకాళ్ళు కటకటమంటుంటే మంచం పక్కన ఆనుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా, రేపు ఫిజియోథెరపీ అమ్మాయి రావాలి. రాకపోతే నువ్వు ముందుగా ఆస్పత్రికి ఫోను చేయించు. అక్కడ పాత నర్సు ఉంటే మంచిది, కొత్తావిడ ఫోనెత్తదు. స్టాండు కింద రబ్బరు అరిగిపోయింది, అది సందు మొదట్లో కొట్లో దొరక్కపోతే…"

కండెలమ్మ మంచం మీంచి, "ఏమండీ, ఇది ప్రార్థనా, లేకపోతే ప్రభువుకి డ్యూటీ వేస్తున్నారా?" అంది.

మేస్త్రీకి చిర్రెత్తుకొచ్చింది. "నీకు నవ్వులాటగా ఉంది. ఆదివారం వస్తోంది, తెలుసా?"

"తెలుసు. వెళ్ళేది నేనే కదా. ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. మిల్లులో చార్జి ఎలా ఇచ్చేవారు?"

చార్జి ఇవ్వడమంటే, షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి మగ్గాలు అప్పగించడం. షిఫ్టు మారే సైరన్ కూస్తుంది కానీ మగ్గం ఆగదు. నడుస్తున్న మగ్గాన్నే అప్పగించాలి. దిగేవాడు ఒక్కో మగ్గం దగ్గరా నిలబడి, దీనికి దారం తెగుతోంది, దీని పట్టీ వదులైంది అని ఉన్నదున్నట్టు చెప్తాడు. ఎక్కేవాడు మగ్గం మీద చెయ్యి వేస్తాడు. అంతే, చార్జి మారింది. దిగినవాడు తిన్నగా కుళాయి దగ్గరికి వెళ్ళి నూనె చేతులు సబ్బుతో కడుక్కుంటాడు. చేతులు కడిగినవాడు మళ్ళీ మగ్గం ముట్టకూడదు. బోర్డు మీద రాసింది కాదు, మిల్లులో అందరూ ప్రాణంలా పాటించే కట్టుబాటు. ఎందుకంటే ఒక మగ్గం మీద ఇద్దరి చేతులుంటే ఎవరు ఆపారో ఎవరు నడిపారో తెలీదు.

ఇవన్నీ మేస్త్రీ చెప్తుంటే కండెలమ్మ అతని ఎడమ చేతివైపే చూస్తోంది. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది. కుర్రతనంలో ఒకసారి చార్జి ఇచ్చి, చేతులు కడిగి, గేటుదాకా వెళ్ళి, ఒక బోల్టు బిగించానా లేదా అని వెనక్కొచ్చి, దారం తెగి ఆగి ఉన్న మగ్గంలో చెయ్యి పెట్టాడు. అతనొచ్చింది తెలీక ఎక్కినవాడు మగ్గం నడిపాడు.

"ఆ వేలు చూసుకోండి" అంది కండెలమ్మ. "ఇప్పుడూ అదే పని చేస్తున్నారు. ఆమెన్ అంటారు, గేటుదాకా వెళ్తారు, మళ్ళీ వచ్చి మగ్గంలో చెయ్యి పెడతారు."

మేస్త్రీ తప్పు దొరికిన కుర్రాడిలా నసిగాడు. "బాగానే ఉంది. కానీ చార్జి తీసుకున్నానని అవతలివాళ్ళు చెప్పాలిగా? ప్రభువు నాకేం చెప్పాడు?"

"మీ తర్వాత షిఫ్టు ఎక్కే పెద్దాయన ఎప్పుడైనా నోరు విప్పాడా?"

విప్పలేదు. ఆ పెద్దాయన మహా మితభాషి. నువ్వు చెప్పింది విన్నాడో లేదో కూడా తెలిసేది కాదు. మగ్గం మీద చెయ్యి వేసేవాడు, అంతే. అయినా ఆయన ఎక్కిన షిఫ్టులో మగ్గం పాడైందన్న మాట మేస్త్రీ ఏనాడూ వినలేదు. ఆ జ్ఞాపకానికి మేస్త్రీకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో నవ్వాడు.

మర్నాటి నుంచి భోజనమయ్యాక, పక్క వేయకముందే, చార్జి ఇవ్వడం మొదలైంది. మోకాళ్ళ మీద కాదు, నిలబడి, మిల్లులోలాగే. "ప్రభువా, గ్యాస్ కట్టాను. గడియ వేశాను. స్టాండు రబ్బరు అరిగింది, ఇంకా కొనలేదు. ఈవిడ కాలు మధ్యాహ్నం నొప్పెట్టింది. నా బుర్ర నడుస్తూనే ఉంది, ఆపడం నాకు చేతకావట్లేదు. చూసుకో." ఎలా చూసుకోవాలో చెప్పడం మానేశాడు. అది మానడమే కష్టమైంది, నాలిక చివరిదాకా వచ్చేది. తర్వాత పెరట్లో కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి పడుకునేవాడు.

ఒక్క రోజులో అంతా అయిపోయిందని చెబితే నేను అబద్ధమాడినట్టే. మొదటి రాత్రి లేచి గ్యాస్ దాకా వెళ్ళాడు. మీట మీదకి చెయ్యి చాపితే సబ్బు వాసన వచ్చింది. చెయ్యి అక్కడే ఆగింది. "దిగినవాణ్ణి, నాకేం పని ఇక్కడ?" అని తన్ను తానే కసురుకుని తిరిగొచ్చాడు. నిద్ర పట్టిందా? కాస్త. తర్వాతి రాత్రి ఇంకాస్త. శనివారం దగ్గరపడేసరికి మధ్యాహ్నం కుర్చీలో తూగడం తగ్గింది.

కానీ ఒక మగ్గం మాత్రం అప్పగించలేదు. ఆదివారం. అన్నీ చెప్పేవాడు, ఆ ఒక్కటీ మింగేసేవాడు. ప్రభువు చేతికిస్తే, ఆవిడ వెళ్ళడమే మంచిదని ప్రభువు అనుకుంటే? ఆ భయం. ఆ ఒక్కదాన్నీ గుప్పిట్లో బిగించుకుని పడుకునేవాడు. అందుకే తెల్లవారుజామున ఠక్కున మెలకువ వచ్చేది.

శనివారం మధ్యాహ్నం కూతురు ఖాళీ సంచీ పట్టుకుని వచ్చింది, తల్లి బట్టలు సర్దడానికి. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే స్నానాలగదిలోంచి "ఏమండీ" అని వినిపించింది. కూతురు ఉలిక్కిపడి పరుగెత్తబోయింది. అప్పటికే మేస్త్రీ లోపల ఉన్నాడు. ఆవిడ చంకలో చెయ్యి వేసి లేవదీస్తూ, "తొందరేం లేదు, కాలు ఆనించు" అంటున్నాడు. కూతురు చూసింది. అయినా సంచీ తెరిచి బట్టలు మడతపెట్టడం మాత్రం మొదలుపెట్టింది. చెప్పాను కదా పట్టుదల ఎక్కువని, తండ్రి కూతురే!

రాత్రి భోజనమయ్యాక మేస్త్రీ ఎప్పటిలాగే నిలబడ్డాడు. ఆ రాత్రికి అక్కడే ఉండిపోయిన కూతురు మంచం అంచున కూర్చుని చూస్తోంది. గ్యాస్ చెప్పాడు. గడియ చెప్పాడు. కొత్త రబ్బరు వేశానని చెప్పాడు. ఆగాడు.

"ప్రభువా, ఇంకొకటుంది. ఇన్నాళ్ళూ నీకు చెప్పకుండా దాచాను. రేపు అమ్మాయి వాళ్ళమ్మని తీసుకెళ్తుంది. ఈవిడ లేని ఇంట్లో నేను ఉండలేను, ఉన్నదున్నట్టు చెప్తున్నాను. అమ్మాయిది కోపం కాదు, భయం. అదీ నా నుంచే దానికి వచ్చింది. ఈవిడకి ఎక్కడ మంచిదో నాకు తెలీదు. ఇది కూడా తీసుకో."

కళ్ళు తుడుచుకోలేదు. తిన్నగా కుళాయి దగ్గరికి నడిచాడు. ఆ రోజు సబ్బు ఎక్కువే పట్టించాడు.

తర్వాత ఏం జరిగిందో మేస్త్రీకి తెలీదు. పడుకున్నవాడికేం తెలుస్తుంది? పొద్దున కండెలమ్మ చెబితే విన్నాడు. ఆయన గుర్రు పెట్టాడట, నూలు మూటల మీద పెట్టినట్టే. కూతురు మాత్రం లేచి గ్యాస్ చూసిందట. గడియ చూసిందట. తల్లి ఊపిరి తీస్తోందా అని వంగి చూసిందట. మళ్ళీ గ్యాస్ దగ్గరికి వెళ్ళబోతుంటే, "నీకూ వచ్చిందే మీ నాన్న జబ్బు" అని కండెలమ్మ అందట. ఆ పిల్ల తల్లి పక్కన కూలబడి, "నువ్వు పడ్డ రోజు నుంచీ నాకు నిద్ర లేదమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చిందట.

చర్చి నుంచి వచ్చాక మేస్త్రీ సంచీ తీసుకెళ్ళి గుమ్మం దగ్గర పెట్టాడు. ఇచ్చిన చార్జి ఇచ్చిందే, వెనక్కి లాక్కోదల్చుకోలేదు. కూతురు వచ్చి ఆ సంచీ ఎత్తి లోపలికి తీసుకెళ్ళి, బట్టలన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. తర్వాత తండ్రి ఎదుట వచ్చి నిలబడింది. కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

"నాన్నా, అమ్మకి పొద్దున మాత్ర అయింది, రాత్రిది ఉంది. ఎడమకాలు ఇంకా పూర్తిగా ఆనించట్లేదు. స్నానాలగదిలో నేల తడిగా ఉంటే నాకు భయం. మీ ఇద్దరికీ ఏమవుతుందోనని నా బుర్ర ఆగట్లేదు." చేతిలోని ఖాళీ సంచీ మడిచింది. "చూసుకో నాన్నా."

తండ్రి ముఖంకేసి చూడకుండా గబగబా పెరట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.

మేస్త్రీకి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. మిల్లులో ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. కండెలమ్మ పక్కకి వెళ్ళి, సగం వేలున్న ఆ ఎడమ చేతిని ఆవిడ భుజం మీద వేశాడు. కూతురు తడి చేతులతో వెనక్కి వచ్చేదాకా తీయలేదు.