కోదండం కంకణం, మీటర్ డబ్బా తాళం

మా అల్మాస్‌గూడ గల్లీలో కోదండం చెయ్యి తగలని వంటిల్లు లేదు. అప్పడాల కర్ర, పప్పు గుత్తి, పీట, ఏది చూసినా అతని చేతి పనే. ఆ చెయ్యే పోబోయింది. ఆ సంగతి చెబుతాను.

కోదండం వాళ్లది పోచంపల్లి వైపు నేత కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పని. సెలవు దొరికితే మాత్రం మేడ మీది రేకుల షెడ్డులోనే ఉంటాడు. రంపాలు, ఉలులు, చిత్రిక, అన్నిటికీ పెద్దన్నలాగా ఒక లేత్ మెషిన్. అది చెక్కను గిర్రున తిప్పుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుతాడు. చూడ్డానికి ఎవరు పోయినా ముందు ఒకటే పాఠం.

"గడియారం తియ్యి, ఉంగరం తియ్యి, అంగీ చేతులు మలుపు. గిది తిరిగేటప్పుడు బట్టేదో, చేతి బొక్కేదో సూడది."

కింది వాటా బాపిరాజుది. భీమవరం నుంచి వచ్చి చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. తెల్లారకముందే క్లాసులు కాబట్టి మధ్యాహ్నం నిద్ర పడాలి. సరిగ్గా ఆ నిద్ర మీదే లేత్ గర్రుమంటుంది. ఇద్దరి మీటర్లూ మెట్ల కింద ఒకే డబ్బాలో ఉన్నాయి. బాపిరాజు లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి, కోదండం ఫ్యూజు పీకి, దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు.

దసరా దగ్గరికొచ్చింది. కోదండం దేవుడి గూటికి చిన్న స్తంభాలు తిప్పుతున్నాడు. చివరిదాని నడుము సన్నం చేస్తుండగా కరెంటు పోయింది. ఉలి దిగబడి స్తంభం రెండు ముక్కలైంది. చెక్క సుత్తి పట్టుకునే మెట్లు దిగాడు.

"ఏంది సార్, నా ఫ్యూజు నీ అయ్య సొమ్మా?"

"మనిషిని పడుకోనివ్వవేంటయ్యా? సెలవొస్తే చాలు, నా నెత్తి మీద ఈ కోతేంటి?"

"పండుడే గద నీకు కావాల్సింది. జర ఆగు, పండవెడ్త."

సుత్తి బాపిరాజు భుజం మీద పడింది. ఆయనా తక్కువ తినలేదు. కోదండం కాలర్ పట్టి స్కూటర్ మీదికి విసిరాడు. హ్యాండిల్ తగిలి నుదురు చిట్లింది. కళ్లలోకి కారే నెత్తురు తుడుచుకోకుండానే కోదండం లేచి, తలతో మూతి మీద గుద్దాడు. బాపిరాజు ముందుపన్ను మెట్టు మీద పడింది. ఆయన భార్య సూర్యప్రభ అంట్లు తోమిన నీళ్ల బకెట్ తెచ్చి ఇద్దరి మీదా గుమ్మరించింది.

పైనుంచి కోదండం భార్య భాగ్యమ్మ తొంగిచూసి, "ఇంకింత పొయ్యి వదినా, మా ఆయనకు సాలలే" అంది.

మర్నాడే కోదండం మీటర్ డబ్బాకు ఇనుప మూత బిగించి తాళం వేశాడు. తాళంచెవి జేబులోనే. షెడ్డు తలుపుకి లోపల గడియ పెట్టించాడు. సొంతంగా చేసుకున్న టేకు తలుపు, గుద్దితే గుద్దినవాడి భుజమే పోతుంది.

దసరా నాడు ఉలులన్నీ కడిగి, బొట్లు పెట్టి, లేత్‌కి బంతిపూల దండ వేసి పూజ చేశారు. చేతికి కంకణం కట్టుకున్నారు. మనలాంటి వాళ్లయితే ఏదో నూలుపోగు కడతాం. వీళ్లు పట్టు పోగులు నాలుగైదు పేని, పసుపు పూసి కడతారు. కొస జానెడు వేలాడుతోంది.

"కత్తిరియ్యనా?" అంది భాగ్యమ్మ.

"దేవుని దారం. దానంతట అదే ఊడాలె."

మర్నాడు మధ్యాహ్నం భాగ్యమ్మ తుర్కయంజాల్‌లో అన్న ఇంటికి వెళ్లింది. కోదండం దండ తీసేశాడు. షెడ్డు గడియ వేసుకున్నాడు. గడియారం, ఉంగరం తీసి మేకుకి తగిలించాడు. అంగీ చేతులు మడిచాడు. కంకణం సంగతి తోచనేలేదు. అది దేవుడిది కదా, ఒంటి మీది వస్తువుల్లో లెక్కకు రాలేదు.

స్విచ్చు వేసి ఉలి ఆనించాడో లేదో, దారం కొసను చెక్క అందుకుంది. మామూలు దారమైతే పుటుక్కున తెగేది. ఇది తెగలేదు. చుట్టుకుంటూ కుడిచేతిని లోపలికి లాగేసింది. ఉలి ఎగిరి రేకుకి తగిలి కింద పడింది. మణికట్టు చెక్కకీ ఉలి ఆనించే ఇనుప కడ్డీకీ మధ్య ఇరుక్కుని, కట్టెపుల్లలా ఫటుక్కుమంది. చిటికెనవేలు నలిగిపోయింది. మోటారు ఆగకుండా బిగిస్తూనే ఉంది, దారం చర్మం కోసుకుంటూ దిగుతోంది. స్విచ్చు ఆ పక్క. ఎడమచెయ్యి అందలేదు.

గావుకేక పెట్టాడు.

కింద బాపిరాజు దిండు చెవుల మీదికి లాక్కున్నాడట. సూర్యప్రభే నాకు చెప్పింది. రెండో కేకకి లేచి కూర్చున్నాడు.

"ఇది తిట్టు కాదే. చస్తున్నాడు."

మేడెక్కి తలుపు గుద్దాడు, కదల్లేదు. "గడియ తియ్యవయ్యా" అని అరిస్తే లోపల్నుంచి "ఫ్యూజు... ఫ్యూజు పీకు సార్" అని వినిపించింది. ఒక్క ఉరుకున దిగాడు. డబ్బాకి తాళం. వంటింట్లోంచి రోకలి తెచ్చి ఇనుప మూతని బాదాడు. మూత వంకర పోయింది గానీ తాళం రాలేదు. సందులో చెయ్యి పెట్టి లాగితే అరచెయ్యి చీలింది. నెత్తుటి చేత్తోనే మళ్లీ బాదాడు. మూత ఊడింది. ఫ్యూజు పీకాడు.

పైన మోటారు ఆగింది. కోదండం కాలితో ఉలిని దగ్గరికి జరుపుకుని, ఎడమచేత్తో పట్టు దారం కోశాడు. గడియ తీసి బాపిరాజు మీద పడిపోయాడు. ఎల్బీనగర్ దవాఖానకి ఆటోలో పోతుంటే ఏ నెత్తురు ఎవరిదో తెలియలేదట.

చిటికెనవేలు తీసేశారు. మణికట్టులో స్టీలు పలకలు వేశారు. చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. భాగ్యమ్మ ఆ దారం ముక్క చూపించి తిట్టని రోజు లేదు.

చెయ్యి లేచాక కోదండం మొదట తిప్పింది బాపిరాజుకి రోకలి. పాతది మూత మీద పగిలింది. తర్వాత మీటర్ డబ్బాకి టేకు మూత చేశాడు.

బాపిరాజు తెరిచి మూసి చూశాడు. "తాళానికి కొక్కెం పెట్టలేదేంటయ్యా?"

"పెడ్తె మల్ల రోకలి తిప్పాలె గద సార్."

ఇప్పటికీ మధ్యాహ్నం లేత్ గర్రుమంటుంది. బాపిరాజు ఫ్యూజు పీకుతూనే ఉన్నాడు. కోదండం మేడ మీదనుంచి తిడుతూనే ఉన్నాడు. కాకపోతే షెడ్డు తలుపు బార్లా తీసి ఉంటుంది కాబట్టి, తిట్లు గల్లీ మొత్తానికీ వినిపిస్తున్నాయి.