అట్టకు సరిపోయిన కారు

కార్లకు సీట్లు కుట్టే కొట్టులో ఆమె పదకొండేళ్లుగా పనిచేస్తోంది. ఆ సందులో అందరూ ఆమెను సీట్లమ్మ అంటారు. టైర్ల కొట్టతను, అద్దాలు బిగించేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, పాత కార్లు అమ్మిపెట్టే బ్రోకరు, అందరికీ అదే పేరు. అసలు పేరు కొట్టు యజమాని మేస్త్రీకి తెలుసు గాని ఆయనెప్పుడూ "అమ్మాయ్" అనే పిలుస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా ఆయన నోట ఆమె అమ్మాయే.

బయటనుంచి చూస్తే ఆమెకు కార్లన్నీ ఒకేలా ఉంటాయి. లోపల కూర్చుంటే మాత్రం ఆ ఇంటి సంగతంతా చెప్పగలదు. డ్రైవరు సీటు ఒక్కటే అరిగి మిగతావి కొత్తగా ఉంటే ఒంటరివాడు. వెనక సీటు మీద పాల మరకలుంటే పసిబిడ్డ. ముందు సీటు వీపు మీద బూటు గుర్తులుంటే బడికెళ్లే పిల్లాడు, వాడి కాళ్లు ఊరుకోవు. ఒకసారి వెనక సీటు విప్పుతుంటే కుట్టు సందులో పాలపన్ను దొరికింది. కాగితంలో పొట్లం కట్టి కారు యజమానికిస్తే ఆయన విప్పి చూసి, "ఇదేంటమ్మా" అని కాలవలోకి విసిరేశాడు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం డబ్బా మూత తీయలేదు.

ఆమె పిల్లలు ఆమె దగ్గర లేరు.

మొగుడితో విడిపోయి మూడేళ్లయింది. పోట్లాడీ పోట్లాడీ, చివరికి పోట్లాడే ఓపిక కూడా అయిపోయి విడిపోయారు. మొదట్లో పిల్లలిద్దరూ ఇటు నాలుగు రోజులు, అటు మూడు రోజులు ఉండేవారు. తర్వాత అతనికి దూరపు ఊరికి బదిలీ అయింది. అప్పటికి ఆమె కొట్టు మేడ మీద ఒంటిగదిలో ఉంటోంది. పగలంతా రెగ్జిను వాసన, కిందనుంచి మిషన్ల చప్పుడు. పిల్లలు తండ్రితో వెళ్లడమే మేలన్నారు అందరూ. ఆమె కాదనలేదు, తల ఊపింది. ఎందుకు ఊపానా అని ఆ తర్వాత ప్రతి రోజూ అనుకుంది.

పద్నాలుగు నెలలు పిల్లలు ఫోనులోనే పెరిగారు. చిన్నది ఫోను ముక్కుకు ఆనించుకుని మాట్లాడేది, ఒక కన్నూ సగం నోరూ కనిపించేవి. పెద్దాడు మంచం మీద పడుకుని మాట్లాడేవాడు. వాడి మొహం, దాని కింద దిండు, అంతే. ఈలోగా ఆమె రెండు గదుల ఇల్లు చూసుకుంది. ఒక గదిలో ఏమీ పెట్టకుండా ఉంచింది.

అతనికి మళ్లీ ఈ ఊరికే బదిలీ అయింది. పిల్లల్ని బడి తెరిచే వారం దాకా అక్కడే నాయనమ్మ దగ్గర ఉంచి, ముందు తనొక్కడే వచ్చాడు. వచ్చిన వారానికి ఫోను చేశాడు.

"బడి మా ఇంటికి దగ్గర. నీ వైపునుంచి బస్సంటే రెండు మారాలి. చిన్నది ఆ టైముకి లేవదు, లేచినా నడవదు. నువ్వు రోజూ కార్లో దింపి, కార్లో తీసుకెళ్తానంటే వారంలో ఐదు రోజులు నీ దగ్గరే ఉంటారు. కుదరదంటే ఇప్పుడున్నట్టే."

"కుదురుతుంది."

"నీకు కారేది?"

"ఉంటుంది."

"ఒక్కటే షరతు. ఇద్దరూ వెనకే కూర్చోవాలి. ముందు సీట్లో పిల్లలొద్దు" అన్నాడు. 

"సరే."

బడి తెరవడానికి ఇరవై రోజులుంది. నడపడం ఆమెకు వచ్చు. సీట్లు బిగించిన కార్లను యజమానుల ఇళ్లకు చేర్చేది ఆమే. కొనడమే ఎప్పుడూ చేయలేదు. ఆ సాయంత్రం ఫోనులో పిల్లల్నే అడిగింది.

"పైన కిటికీ ఉండాలి. తెరిస్తే ఆకాశం లోపలికి రావాలి" అంది చిన్నది.

"వాన కూడా వస్తుందే."

"రానీ. గొడుగేసుకుంటా."

"మరి నీకురా?"

"ఏదైనా పర్లేదమ్మా" అన్నాడు పెద్దాడు దిండు మీదనుంచి.

"ఏదైనా అంటే రోడ్డు రోలరు కొంటా. గేటు ముందు నిలబడి హారను కొడతా."

వాడు కాస్త నవ్వాడు. "డబ్బాలా ఉండకపోతే చాలు. నాన్న కారు డబ్బా. కారెక్కినట్టుండదు, బీరువాలో దూరినట్టుంటుంది. మలుపులో కూడా ఏమీ తెలీదు."

వాడు తనతో అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో. ఆ మాటను ఆమె రెండు రోజులు నెమరేసుకుంది.

మేస్త్రీది వేరే దారి. "పిల్లలున్నవాళ్లకి సరదా ఎందుకమ్మాయ్? డిక్కీ కావాలి గాని. పుస్తకాల సంచులు, బురద బూట్లు, దారిలో వాంతులు. బ్రోకరు దగ్గర బూడిదరంగుది ఎత్తుగా ఒకటుంది చూడు, అది తీసుకో. కాళ్లు బార్లా చాపుకోవచ్చు."

"అది డబ్బా, మేస్త్రీ."

"డబ్బాయే. ఏదైనా పాడవకుండా ఉండాలంటే డబ్బాలోనే పెడతాం."

ఆమె బూడిదరంగు కారు చూసింది. ఆ వెనక సీట్లో కూర్చుంటే ప్రభుత్వాసుపత్రి వరండాలో కూర్చున్నట్టు అనిపించింది. రెండోది పొడుగాటి కారు, దాని వెనక సీటు స్పాంజి చచ్చిపోయింది. 

"సీట్లమ్మా, ఎవరైనా బానెట్ ఎత్తి చూస్తారు. నువ్వేంటి, పోయిపోయి వెనక సీట్లో దూరతావు?" అన్నాడు బ్రోకరు.

"ఇంజను గురించి నువ్వు అబద్ధమాడతావు. సీటు ఆడదు."

మూడోది నిమ్మపండు రంగు కారు. చిన్నది, గుండ్రంగా, పైన అద్దపు కిటికీతో. మెకానిక్కు ఇంజను చూసి బాగుందన్నాడు. ఆమె రోడ్డెక్కించింది. మొదటి మలుపులో కారు తిరగలేదు, ఆడుకుంటున్న పిల్లలా ఒక్క గెంతు గెంతింది. ఆమె పకపకా నవ్వింది. పక్కన కూర్చున్న బ్రోకరు తలుపు పిడి పట్టుకుని, "నెమ్మదమ్మా, నాకు ఇంకా పెళ్లి కాలేదు" అన్నాడు. పైన కిటికీ నొక్కగానే తెరుచుకుంది. డిక్కీలో రెండు పుస్తకాల సంచులూ ఒక బంతీ పడతాయి. వెనక తలుపులకు పిల్లలు తీయలేని తాళాలున్నాయి. పెట్రోలు కూడా తక్కువే తాగుతుందట. సరదాకు సరదా, పనికి పని.

ఒక్కటే అనుమానం, వెనక చోటు. దానికి ఆమె దగ్గర అట్టలున్నాయి.

కొట్టులో గోడ పొడవునా మేకులు, మేకు మేకుకీ అట్టలు. ఏ మోడలు కారైనా మొదటిసారి వచ్చినప్పుడు టేపుతో కొలిచి అట్ట కోస్తారు. ఆ మోడలు పదేళ్లకు మళ్లీ వచ్చినా కారును కొలవరు. అట్ట దించి, గుడ్డ మీద పరిచి కోసేస్తారు. ఆమె కోసిన అట్టలో వేలెడు తేడా వచ్చిందని ఎవరూ అనలేదు. గోడ చివరి మేకుకు ఆమె పిల్లల అట్టలుండేవి. వాళ్లు ఊరెళ్లే ముందు వారం, దూరప్రయాణమని దిండ్లు కుట్టడానికి ఇద్దర్నీ స్టూలు మీద కూర్చోబెట్టి కొలిచింది. నడుమునుంచి మోకాలిదాకా, మోకాలినుంచి పాదందాకా, కూర్చున్న ఎత్తు. అట్టల మీద పేర్లు రాయలేదు. రాయాల్సిన పని లేదు.

ఆ అట్టలు పట్టుకెళ్లి నిమ్మపండు కారు వెనక సీట్లో ఆనించి చూసింది. పెద్దాడి మోకాలికీ ముందు సీటుకూ మధ్య రెండు వేళ్ల చోటు మిగిలింది. దాచుకున్నదంతా పెట్టి కారు కొంది.

"వెనక ఇరుకేమో అమ్మాయ్" అన్నాడు మేస్త్రీ.

"అట్ట పెట్టి చూశాను. రెండు వేళ్లు ఎక్కువే."

అట్ట పెట్టి చూశానన్నాక ఆయన ఇంకేం అంటాడు. వెళ్లి మంచి గుడ్డ తీసిచ్చాడు.

రెండు వారాలు పని అయ్యాక కూర్చుని కుట్టింది. పెద్దాడి వైపు నల్ల గుడ్డ, బూడిదరంగు దారం, పువ్వుల్లేవు, బొమ్మల్లేవు. చిన్నదాని వైపు తడిగుడ్డతో తుడిస్తే పోయే రకం. కిటికీలోంచి రోడ్డు కనపడాలని దానికి ఎత్తుగా ఒక దిండు. సంచుల కోసం, నీళ్ల సీసాల కోసం జేబులు. ఆ రోజుల్లో ఆమె మిషను తొక్కుతూ కూనిరాగం తీయడం మేస్త్రీ విన్నాడు. విననట్టే ఉన్నాడు.

బడి తెరిచే ముందు ఆదివారం, ఒకసారి దారి చూసుకుని రమ్మన్నాడు పిల్లల తండ్రి. ఆమె పొద్దున్నే వాళ్ల ఇంటి ముందు కారాపింది. గేటు తీసుకుని ఎవరో కుర్రాడు వచ్చాడు. పై వాటాలో అద్దెకున్నవాళ్ల అబ్బాయి కాబోలు అనుకుని, వాడి వెనక పెద్దాడి కోసం చూసింది.

"అమ్మా" అన్నాడు కుర్రాడు.

ఆమె కన్నా జానెడు ఎత్తు. ఫోనులో ఎప్పుడూ కనిపించని మెడ, భుజాలు, చేతులు, కాళ్లు, అన్నీ ఒక్కసారిగా ఎదురొచ్చాయి. దగ్గరికి తీసుకుంటే ఆమె నుదురు వాడి గెడ్డం కింద ఆగింది. చిన్నది వెనకనుంచి పరిగెత్తుకొచ్చి నడుము చుట్టేసింది. అది కూడా ఆమె ఎత్తుకునే బరువులో లేదు.

పెద్దాడు తల వంచి, భుజం వంచి కార్లోకి దూరాడు. మోకాళ్లు ముందు సీటు వీపుకు గట్టిగా తగిలాయి. ఆమె ముందు సీటును చివరిదాకా జరిపింది. అయినా తగులుతూనే ఉన్నాయి. వాడు పక్కకు తిరిగి, కాళ్లు మడిచి, మెడ వంచి సర్దుకున్నాడు. 

చిన్నది దిండెక్కి కూర్చుంటే తల పైకప్పుకు కొట్టుకుంది. "అమ్మా, ఇది చిన్నపిల్లలది" అంది. ఆమె దిండు తీసి డిక్కీలో పెట్టింది.

"పోనీ నువ్వు ముందు కూర్చుంటావురా?"

"నాన్న వద్దన్నాడుగా" అన్నాడు వాడు. అందులో విసుగు లేదు. ఇంటి నియమం కొత్తవాళ్లకు చెప్పినట్టు చెప్పాడు.

బయల్దేరారు. పైన కిటికీ తెరిస్తే చిన్నది రెండు చేతులూ గాల్లోకి చాపి కేరింతలు కొట్టింది. పెద్ద మలుపులో కారు ఎప్పటిలా గెంతింది. "బాగా తిరిగిందమ్మా" అన్నాడు పెద్దాడు. ఆ మాట చాలనిపించింది ఆమెకు, రెండు వీధుల దూరం. తర్వాత అద్దంలో చూసింది. వాడు ఒక చేత్తో మోకాలు పట్టుకుని, గుంతల్లో అది సీటుకు కొట్టుకోకుండా కాచుకుంటున్నాడు. తల్లి చూస్తోందని గమనించి చెయ్యి తీసేశాడు.

కార్లను కొలిచినట్టు పిల్లల్ని కొలిచి మేకుకు తగిలించింది ఆమె. కార్లు ఎన్నేళ్లయినా అంతే ఉంటాయి.

ఆమె ఇంటికి వెళ్లి, అక్కడినుంచి బడికి వచ్చారు. నలభై నిమిషాలు పట్టింది. మూసి ఉన్న బడి గేటు ముందు ఆమె కారాపింది. ఎవరూ దిగలేదు.

"అమ్మా, ఒక మాట చెప్పనా?"

"చెప్పు కన్నా."

"నేను నాన్న దగ్గరే ఉంటాలే. అప్పుడు చెల్లికి చోటు సరిపోతుంది."

లెక్కకు జవాబు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. ముందే మనసులో నాలుగైదుసార్లు అనుకున్న మాటని తెలుస్తూనే ఉంది.

"కారు మార్చేస్తా. బూడిదరంగుది ఇంకా అక్కడే ఉంది. రేపే మారుస్తా" అంది ఆమె వెనక్కి తిరిగి.

"వద్దమ్మా. కారు బాగుంది. నిజంగానే బాగుంది." వాడు తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. "అక్కడ నా మంచం, నా బల్ల అన్నీ సర్దుకున్నాను. మళ్లీ వారం వారం మారాలంటే..."

ఆపేశాడు. ఆమె కూడా కారు మాట ఆపేసింది. మోకాళ్లదే అయితే పెద్ద కారు తెచ్చేది. ఇది ఏ కారుతోనూ తీరేది కాదు.

"అన్నయ్య రాకపోతే నేనూ రాను" అంది చిన్నది.

"నువ్వెళ్లవే. నీకు పైన కిటికీ ఉందిగా."

"నాకొద్దు ఆ కిటికీ."

"ఏడవకు. అమ్మ ముందు ఏడవకు" అన్నాడు వాడు గొంతు తగ్గించి. అంత చిన్న కార్లో ఎంత తగ్గించినా వినిపిస్తుంది.

ఇంటి దగ్గర పిల్లల తండ్రి గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎంతసేపు పట్టింది?" అని అడిగాడు.

"నలభై నిమిషాలు. వాళ్లు ఇక్కడే ఉంటారట."

అతను పెద్దాడి వైపు చూశాడు. వాడు మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. అతని మొహంలో గెలిచిన భావం లేదు. "వీడు ఇంత పొడుగయ్యాడని నీకు చెప్పాల్సింది. నాకు తట్టలేదు" అన్నాడు. "ఆదివారాలు తీసుకెళ్తూ ఉండు" అని గేటు తెరిచాడు.

ఆమె సరేనంది.

ఆ వీధికి అవతల దారి లేదు. వచ్చిన కారు వెనక్కే పోవాలి. ఆమె వెనక అద్దంలో చూసుకుంటూ, మధ్యమధ్య ఎదురుగా గేటు వైపు చూస్తూ మెల్లగా వెనక్కి నడిపింది. చిన్నది చెయ్యి ఊపుతోంది. పెద్దాడు ఒకసారి ఊపి, చెల్లి భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకెళ్లాడు. వీధి చివర మలుపు ఇంకా చాలా దూరం ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమె కొట్టుకు వచ్చేసరికి మేస్త్రీ ఇంకా తాళం తీయలేదు.

"ఇదేంటమ్మాయ్, బడికి దింపి రాలేదా?"

"లేదు మేస్త్రీ."

"పిల్లలు కారెక్కి చూశారా?"

"చూశారు."

"ఏమన్నారు?"

"బాగుందన్నారు."

మేస్త్రీ తాళం తీస్తూ ఆమె మొహం చూశాడు. షట్టరు ఎత్తి లోపలికి వెళ్లి లైటు వేశాడు. నిన్న వచ్చిన కారు ఒకటి సందులో ఆగి ఉంది. ఆమె కత్తెర తీసుకుని దాని వెనక సీట్లో కూర్చుని పాత కుట్లు విప్పడం మొదలుపెట్టింది.